బిళ్ళను తిప్పి చూడండి

పిల్లలూ! ఈ శీర్షిక కింద ప్రతి నెలా ఒక వస్తువును చేతిలోకి తీసుకుని, దాని కథ దానిచేతనే చెప్పిస్తున్నాం గదా! ఈ నెల వస్తువు సైనికుడి బిళ్ళ.

"బిళ్ళబంట్రోతు" అనే మాట మీరు విన్నారా? వినకపోతే మీ తాతగారిని అడగండి. పూర్వం కచేరీలలో పనిచేసే బంట్రోతు భుజం మీదుగా ఒక పట్టీ వేసుకుని, దానికి ఇత్తడి బిళ్ళ తగిలించుకునేవాడు. అది చూడగానే, ఇతను ఫలానా కచేరీ మనిషి అని ఊళ్ళో అందరికీ తెలిసిపోయేది.

సైన్యంలో కూడా అంతే. లక్షలమంది ఒకే రంగు దుస్తులు వేసుకుని ఉంటే, ఎవరు ఏ పటాలం వారో తెలియడానికి గుర్తు ఉండాలి. అందుకని టోపీకి ఒక లోహపు బిళ్ళ, భుజానికి ఒక గుడ్డ బిళ్ళ పెట్టుకుంటారు. రెండు ప్రపంచ యుద్ధాల నాటి బిళ్ళలు ఈనాటికీ ఎన్నో ఇళ్ళలో, మ్యూజియాలలో, పాత సామాన్ల దుకాణాలలో ఉన్నాయి. వాటిని కోరి సేకరించేవారు లోకమంతటా ఉన్నారు. కోరేవారు ఉన్నచోట నకిలీలు చేసేవారు కూడా ఉంటారు. మరి అసలుదేదో, నకలేదో తెలుసుకోవడం ఎలా?

వెండి బిళ్ళ కథ

"అసలుదైతేనేం, నకలైతేనేం? రెండూ ఇత్తడి ముక్కలేగదా!" అని మీలో ఎవరైనా అడగవచ్చు. వారికి జవాబుగా ఒక బిళ్ళ కథ చెబుతాను, వినండి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమయింది. వయసులో ఉన్న మగవాళ్ళందరూ సైన్యంలో చేరాలని ఇంగ్లండులో గట్టి ప్రచారం జరిగింది. సైనిక దుస్తులు లేకుండా వీధిలో తిరిగే యువకుడు కనిపిస్తే చాలు, కొందరు స్త్రీలు దగ్గిరికి వెళ్ళి అతని చేతిలో ఒక తెల్ల ఈక పెట్టేవారు. "నువ్వు పిరికివాడివి" అని ఆ ఈకకు అర్థం.

అయితే, యుద్ధంలో దెబ్బతిని, ఇక పోరాడే శక్తి లేక ఇంటికి వచ్చేసినవాళ్ళు కూడా మామూలు దుస్తులే వేసుకుంటారు గదా! చొక్కా కింద ఉన్న తూటా మచ్చ బయటికి కనిపించదు. విషవాయువు పీల్చి చెడిపోయిన ఊపిరితిత్తులు అసలే కనిపించవు. పాపం, అటువంటివాళ్ళకు కూడా నడివీధిలో తెల్ల ఈకలు అందేవి.

అందుచేత 1916 సెప్టెంబరులో బ్రిటిష్ ప్రభుత్వం ఒక చిన్న వెండి బిళ్ళను ప్రవేశపెట్టింది. గాయపడిగాని, జబ్బుపడిగాని సైన్యం విడిచినవాళ్ళు దాన్ని కోటుకు పెట్టుకునేవారు. రాజు కోసం, సామ్రాజ్యం కోసం సేవ చేశాడని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు దాని మీద ఉండేవి. వెనకవైపు ఒక నంబరు ఉండేది. అటువంటి బిళ్ళలు 10 లక్షలకు పైగా ఇచ్చారు. ఏ నంబరు బిళ్ళ ఎవరిది, అతను ఏ పటాలం వాడు, ఎప్పుడు చేరాడు, ఎప్పుడు విడిచాడు అన్నీ పట్టికలలో రాసిపెట్టారు. లండనులో క్యూ అనే చోట ఉన్న జాతీయ దస్తావేజుల భవనంలో ఆ పట్టికలు ఇప్పటికీ ఉన్నాయి. బిళ్ళ వెనక నంబరు తెలిస్తే, దాన్ని పెట్టుకున్న మనిషి పేరు తెలుసుకోవచ్చు!

చూశారా? ఆ బిళ్ళ వెండి ముక్క మాత్రమే కాదు. నోరు విప్పి చెప్పుకోలేని మనిషి తరఫున అది సాక్ష్యం చెప్పింది. అటువంటి దానికి నకలు తీసి, అసలుదని చెప్పి అమ్మితే అది దొంగసాక్ష్యం అవుతుంది. అందుకనే సాక్షిని ప్రశ్నలు వేసి పరీక్షించాలి.

ఒక మాట మాత్రం మరిచిపోకండి. నకలు చేసేవాళ్ళందరూ మోసగాళ్ళు కారు. సినిమాలకూ నాటకాలకూ బిళ్ళలు కావాలి. మ్యూజియం చూడవచ్చినవారికి గుర్తుగా అమ్మేందుకు కావాలి. ఇది నకలు అని చెప్పి అమ్మితే తప్పు లేదు. కాని నాలుగు చేతులు మారేసరికి, ఆ మాట చెప్పేవారు ఉండరు. తెలియక కొందరు, తెలిసే కొందరు దాన్ని అసలుదిగా చలామణి చేస్తారు.

మొదటి ప్రశ్న: నీ కాలం ఏది?

బిళ్ళను చూడగానే అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. దీనికి పనిముట్లు అక్కరలేదు. చరిత్ర తెలిస్తే చాలు.

బ్రిటిష్ బిళ్ళల మీద తరుచుగా కిరీటం ఉంటుంది. రెండు యుద్ధాల కాలంలోనూ ఇంగ్లండును పాలించినవారు రాజులు. వారి కాలపు బిళ్ళల మీద కిరీటం పైభాగం బోర్లించిన గిన్నెలాగా గుండ్రంగా ఉంటుంది. 1952లో ఎలిజబెత్ రాణి అయింది. ఆ తరువాత బిళ్ళల మీద కిరీటం ఆకారం మారింది. రాణి కిరీటం వంపులు రెండు పక్కలా పైకి లేచి, మధ్యలో కొంచెం కిందికి కుంగి ఉంటాయి. అందుచేత, కుంగిన కిరీటం ఉన్న బిళ్ళను ఎవరైనా "ఇది 1943లో బర్మాలో పెట్టుకున్నది" అని చెబితే, ఆ మాట నిజం కావడానికి వీలులేదు.

అయితే గుండ్రని కిరీటం ఉన్నవన్నీ పాతవేనా? కావు. 2022లో చార్లెస్ రాజు అయ్యాక మళ్ళీ గుండ్రని కిరీటాన్నే ఎంచుకున్నాడు. కాబట్టి కుంగిన కిరీటం ఒక బిళ్ళను యుద్ధకాలానిది కాదని తేల్చగలదు గాని, గుండ్రని కిరీటం ఒక్కటే ఏ బిళ్ళనూ యుద్ధకాలానిదని తేల్చలేదు.

మన దేశపు బిళ్ళలకు కూడా ఇటువంటి గుర్తు ఒకటి ఉంది. 1950 జనవరి 26న మన దేశం గణతంత్రమయింది. అప్పుడు మన సైన్యపు చిహ్నాల మీద కిరీటం పోయి, అశోకుడి సింహాలు వచ్చాయి. సింహాలు ఉన్న బిళ్ళ 1939-1945 యుద్ధం నాటిది కాదు.

పేర్లు కూడా కాలాన్ని చెబుతాయి. మన వైమానిక దళం 1932లో ఏర్పడింది. అప్పుడు దాని పేరు ఇండియన్ ఎయిర్ ఫోర్స్. 1945 మార్చిలో దానికి "రాయల్" అనే మాట చేర్చారు. 1950లో తీసేశారు. అంటే ఆ మాట అయిదేళ్ళు కూడా నిలవలేదన్న మాట! ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. చివర దీనితో పని ఉంది.

రెండవ ప్రశ్న: నువ్వు ఎలా పుట్టావు?

లోహంతో బొమ్మ చెయ్యడానికి ముఖ్యంగా రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి అచ్చు కొట్టడం. గట్టి ఉక్కు దిమ్మ మీద బొమ్మను తిరగేసి చెక్కుతారు. దాని కింద ఇత్తడి రేకు పెట్టి, యంత్రంతో బలంగా దెబ్బ కొడతారు. రేకు దిమ్మలోని ప్రతి గీతలోకీ చొచ్చుకుపోయి బొమ్మ తేలుతుంది. రెండవది పోత పొయ్యడం. అంటే కరిగించిన లోహాన్ని మూసలో పోసి చల్లార్చడం. మన కంచర్లు గంటలూ దేవతా విగ్రహాలూ చేసే పద్ధతి ఇదే.

ప్రపంచ యుద్ధాల నాటి బ్రిటిష్ టోపీ బిళ్ళలలో ఎక్కువ భాగం రేకు మీద అచ్చు కొట్టినవి. అటువంటి బిళ్ళను తిప్పి చూడండి. ముందు ఎక్కడ ఎత్తు ఉంటే వెనక అక్కడ పల్లం ఉంటుంది. ముందు ఏనుగు ఉబ్బి ఉంటే వెనక ఏనుగు ఆకారంలో గుంట ఉంటుంది.

ఈ సంగతి ఇంట్లోనే చేసి చూడవచ్చు. వంటింట్లో వాడే పల్చని అల్యూమినియం రేకు కాస్త తీసుకోండి. రూపాయి నాణెం మీద పరిచి, వేలితో బాగా రుద్దండి. నాణెం మీద బొమ్మ రేకు మీద తేలుతుంది. ఇప్పుడు రేకు తీసి వెనక్కు తిప్పి చూడండి. అదే బొమ్మ పల్లంగా, కుడిఎడమలు తారుమారై ఉంటుంది. రేకుకు ముందూ వెనకా ఒకేసారి పుడతాయి గనక, ఒకదాన్ని చూసి రెండవది ఎలా ఉండాలో చెప్పవచ్చు.

నకలు చేసేవాడికి ఉక్కు దిమ్మ చెక్కించడం ఖర్చుతో కూడిన పని. సులభమైన ఉపాయం ఏమిటంటే, ఒక అసలు బిళ్ళను తెచ్చి, దానితో మూస తీసి, అందులో లోహం పొయ్యడం. అటువంటి నకలు వెనక చాలాసార్లు చదునుగా ఉంటుంది. మూసలో చిక్కుకున్న గాలి బుడగలవల్ల చిన్నచిన్న గుంటలు పడతాయి. భూతద్దంతో చూస్తే గింజగింజగా ఉంటుంది. అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి. బొమ్మ మధ్య ఖాళీలు కూడా పట్టి చూడాలి. అచ్చు కొట్టిన బిళ్ళలో ఆ ఖాళీలను యంత్రంతో కత్తిరిస్తారు. వాటి అంచులు పదునుగా, నిలువుగా ఉంటాయి. పోత బిళ్ళలో అవి గుండ్రంగా, సబ్బు అరిగినట్టు ఉంటాయి.

అన్నిటికంటే విచిత్రమైన సంగతి ఇంకొకటి ఉంది. పోత నకలు అసలుదానికంటె కాస్త చిన్నదవుతుంది! కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. 100 పాళ్ళలో ఒకటి, రెండు పాళ్ళు తగ్గుతుంది. 40 మిల్లీమీటర్ల బిళ్ళకు నకలు పోస్తే అరమిల్లీమీటరు అటూఇటూగా తగ్గవచ్చు. కంటికి అది ఆనదు. హైస్కూలులో మీరు వాడే వెర్నియర్ కాలిపర్సు మాత్రం దాన్ని పట్టేస్తుంది.

దీనికి కూడా ఒక ప్రయోగం ఉంది. మెత్తగా పిసికిన బంకమన్ను తీసుకుని, నాణానికి కాస్త నూనె రాసి, మన్నులో నొక్కి తీసెయ్యండి. ఆ ముద్రను నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. తరువాత నాణాన్ని మళ్ళీ అదే గుంటలో పెట్టబోతే పట్టదు! మన్ను తడి ఆరి ముడుచుకుంది. లోహం వేడి ఆరి ముడుచుకుంటుంది. కారణాలు వేరు, ఫలితం ఒకటే.

మూడవ ప్రశ్న: నీ వెనక ఏముంది?

నకలు చేసేవాడు తన శ్రమంతా ముందువైపే పెడతాడు. ఎందుకంటే కొనేవాడు ముందువైపే చూస్తాడు. కనుక మీరు వెనకవైపు ఎక్కువసేపు చూడండి.

టోపీ బిళ్ళ వెనక, టోపీలోకి దూర్చడానికి నిలువుగా ఒక సన్నని రేకు పట్టీ గాని, రెండు చిన్న ఉంగరాలు గాని ఉంటాయి. వాటిని మాటు వేసి అతికిస్తారు. బిందెకు చిల్లి పడితే మాటు వేస్తారే, అలాగే. అసలు బిళ్ళకు ఆ మాటు పాతబడి, చుట్టూ ఉన్న ఇత్తడితో కలిసిపోయినట్టు ఉంటుంది. కొత్తగా మెరుస్తున్న మాటు గాని, గాజులాగా గట్టిపడిన జిగురు గాని కనిపిస్తే అనుమానించాలి. ఇప్పుడు మనం విరిగిన బొమ్మలకు వాడే చుక్క జిగురు 1958 ముందు బజారులో లేనేలేదు. అయితే అసలు బిళ్ళకే పట్టీ ఊడితే ఎవరో తరువాత అతికించి ఉండవచ్చు. కనుక జిగురు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

వెండి బిళ్ళ నంబరు సంగతి గుర్తుందిగదా! అసలు బిళ్ళతో మూస తీసి నాలుగు నకళ్ళు పోస్తే, నాలుగింటికీ ఆ నంబరే వస్తుంది. ఒకే నంబరు బిళ్ళలు రెండు కనిపిస్తే, రెండూ అసలువి కావని వెంటనే తెలిసిపోతుంది.

అయస్కాంతం ఏమంటుంది?

అయస్కాంతం మీ అందరికీ ఇష్టమే. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. దాన్ని అయస్కాంతం ఆకర్షించదు. జర్మన్ సిల్వర్ అనే తెల్ల లోహాన్ని కూడా ఆకర్షించదు. ఇత్తడి బిళ్ళ అని చెప్పినది అయస్కాంతానికి అతుక్కుంటే, లోపల ఇనుము ఉండి, పైన ఇత్తడి పూత మాత్రమే ఉన్నదన్న మాట.

అయితే అయస్కాంతానికి అతుక్కున్నవన్నీ నకిలీలు అనుకుంటే పొరపాటే! జర్మనీలో పరాక్రమం చూపిన సైనికులకు ఇనుప శిలువ అనే పతకం ఇచ్చేవారు. 1813లో అది మొదలయింది. దాని మధ్య నల్లని ఇనుప రేకు, చుట్టూ వెండి చట్రం ఉంటాయి. చాలావరకు అసలు పతకాల మధ్యభాగం అయస్కాంతానికి అతుక్కుంటుంది. మొత్తం ఒకే ముక్కగా తెల్ల లోహంతో పోసిన నకలు అతుక్కోదు. అంటే ఒకే పరీక్ష ఒక వస్తువుకు "నకిలీ" అని చెబితే, మరొక వస్తువుకు "అసలు కావచ్చు" అని చెబుతుంది. ఆ వస్తువును ఎలా చేస్తారో తెలియనివాడికి అయస్కాంతం వల్ల లాభం లేదు.

గుడ్డ బిళ్ళలు

రెండవ ప్రపంచ యుద్ధంలో మన దేశపు డివిజన్లకు భుజాల మీద గుడ్డ బిళ్ళలు ఉండేవి. 4వ డివిజనుకు ఎర్ర గద్ద, 5వ డివిజనుకు నల్లని గుడ్డ మీద ఎర్రని గుండ్రని చుక్క, బర్మాలో పోరాడిన 17వ డివిజనుకు నల్ల పిల్లి! కొన్ని దారంతో కుట్టినవి, కొన్ని నేసినవి. యుద్ధకాలంలో పొదుపు కోసం గుడ్డ మీద అచ్చువేసినవి కూడా ఉన్నాయి.

వీటిని పరీక్షించడానికి అతినీలలోహిత కాంతి ఇచ్చే దీపం పనికివస్తుంది. బ్యాంకులో నోట్లను పరీక్షించేది అటువంటి దీపంతోనే. ఈనాటి తెల్ల దారాలలో, గుడ్డలలో మరింత తెల్లగా కనిపించడానికి ఒక రకం రసాయనాలు కలుపుతారు. చీకటిలో ఆ దీపం కింద అవి నీలంగా వెలుగుతాయి. ఈ రసాయనాలు యుద్ధం తరువాతనే విస్తారంగా వాడుకలోకి వచ్చాయి. అందుచేత 1943 నాటిదని చెప్పిన గుడ్డ బిళ్ళ దారాలు జిగేలుమని వెలిగితే అనుమానం తప్పదు.

కాని, ఆగండి! బట్టల సబ్బుపొడులలో కూడా అవే రసాయనాలు ఉంటాయి. తాతగారి పాత చొక్కాను ఎవరో మురికిగా ఉందని సబ్బుపొడితో ఉతికి ఉంటే, దాని మీద ఉన్న అసలు బిళ్ళ కూడా వెలుగుతుంది. ఆ చొక్కాకు ఏం జరిగిందో అడిగి తెలుసుకోకుండా ఏమీ అనకూడదు. దీపాన్ని పెద్దవాళ్ళ చేతనే వేయించండి. దాని వెలుగులోకి కళ్ళు పెట్టి చూడకండి.

అరుగుదల అబద్ధం చెబుతుందా?

సైనికుడు తన బిళ్ళను రోజూ తోమి మెరిపించాలి. ఏళ్ళ తరబడి తోమితే ఎత్తుగా ఉన్న చోట్లు అరుగుతాయి. బిళ్ళ మీద ఏనుగు ఉంటే దాని కుంభస్థలం, పొట్ట నున్నబడతాయి. పాదాల దగ్గర గుంటలలో మాత్రం గీతలు పదునుగా మిగిలి, తోముడు పొడి, రాగి చిలుము చేరుకుంటాయి.

నకలుకు వయసు తెచ్చిపెట్టాలని చూసేవాడు దాన్ని ఏదో రసాయనంలో ముంచుతాడు. అప్పుడు ఎత్తూ పల్లమూ అన్నీ ఒకే రంగుకు తిరుగుతాయి. నిజమైన వయసు అన్నిచోట్లా ఒకేలాగా రాదు. మీ బామ్మగారి రోలు చూడండి. నూరేచోట నున్నగా ఉంటుంది, పక్కలు గరుకుగానే ఉంటాయి. ఏ వస్తువైనా పనిచేసినచోటనే అరుగుతుంది.

ఇక్కడే మీ అమ్మానాన్నలకు ఒక మనవి. ఇంట్లో పాత బిళ్ళ ఉంటే దాన్ని చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది గాని, సాక్ష్యం పోతుంది. ఎనభై ఏళ్ళుగా గుంటలలో నిలిచిన మట్టి మళ్ళీ రాదు.

తీర్పుకు తొందరపడకండి

ఈ గుర్తులన్నీ తెలిశాక, కనిపించిన ప్రతి బిళ్ళనూ నకిలీ అనాలనిపిస్తుంది. అదీ ప్రమాదమే.

యుద్ధకాలంలో తుపాకులకూ తూటాలకూ లోహం కావాలి. అందుచేత మొదటి యుద్ధంలో, 1916లో, రెండు లోహాలతో చెయ్యవలసిన కొన్ని బిళ్ళలను ఒక్క ఇత్తడితోనే చేశారు. రెండవ యుద్ధంలో అయితే బ్రిటిష్ సైన్యానికి ప్లాస్టిక్ బిళ్ళలు కూడా ఇచ్చారు! గోధుమరంగులోనో, బూడిదరంగులోనో ఉండే అటువంటి బిళ్ళను చూస్తే ఆటవస్తువనుకుంటాం. వెనక టోపీకి గుచ్చి వంచేందుకు రెండు లోహపు నాలుకలు ఉంటాయి. అది నకిలీ కాదు. లోహం కరువైన రోజులకు అది సాక్ష్యం.

ఇంకొక సంగతి. యుద్ధరంగాలకు ఇంగ్లండు నుంచి బిళ్ళలు సమయానికి అందక, మన దేశంలోనూ ఈజిప్టులోనూ సైనికులు బజారులో పనివాళ్ళ చేత ఇసుక మూసలలో పోయించుకున్నవి కూడా ఉన్నాయి. అవి పోత బిళ్ళలే, మోటుగానే ఉంటాయి. అయినా యుద్ధంలో నిజంగా పెట్టుకున్నవే!

దీనికి ఎదురుగా, యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాక, మిగిలిపోయిన పాత ఉక్కు దిమ్మలతోనే మళ్ళీ కొట్టిన బిళ్ళలు ఉన్నాయి. వాటిలో గీతలు పదునుగానే ఉంటాయి, కొలతలు సరిపోతాయి. కాని ఏ సైనికుడూ వాటిని పెట్టుకోలేదు. ఈ రోజులలో కంప్యూటరు సాయంతో కొత్త దిమ్మలు చెక్కే యంత్రాలు కూడా వచ్చాయి.

కాబట్టి శాస్త్రజ్ఞుడు ఆలోచించినట్టు ఆలోచించాలి. జరగడానికి వీలులేని సంగతి ఒక్కటి బయటపడితే చాలు, బిళ్ళ చెప్పే కథ అబద్ధమని తేలుతుంది. అది నిజమని చెప్పడానికి మాత్రం ఒక గుర్తు చాలదు. కాలం, పని, కొలత, వెనకవైపు, అరుగుదల అన్నీ ఒకే మాట చెప్పాలి. చెప్పినా, "నిజమే అయి ఉండాలి" అనాలే గాని గట్టిగా ఒట్టు పెట్టుకోకూడదు. బిళ్ళతోపాటు సైనికుడి ఉత్తరమో, ఫోటోనో, సైన్యంలో ఇచ్చిన కాగితమో ఉంటే, అప్పుడు నమ్మకం గట్టిపడుతుంది.

మన ఇళ్ళలో

ఇదంతా దూరదేశపు సంగతి అనుకోకండి. రెండవ ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు పెరిగింది. అందులో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గిర మాధవరం అనే ఊరు ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి ఎందరో వెళ్ళారు. అందుకని దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. అటువంటి ఇళ్ళలో ట్రంకుపెట్టె అడుగున, బొత్తాల డబ్బాలో ఒక బిళ్ళ ఉండవచ్చు. పాత సామాన్లు కొనేవాడికి తూకానికి వేస్తే దానికి ఇత్తడి ధర వస్తుంది. అది ఎవరిదో తెలిసినవాళ్ళు పోయాక, ఎంత పరీక్షించినా ఆ పేరు బయటికి రాదు.

మీ ఇంట్లోగాని, మీ బంధువుల ఇంట్లోగాని అటువంటిది ఉంటే ఈ పని చెయ్యండి. దాన్ని తోమకుండా, పొడిగా ఉన్న మెత్తని కాగితంలో చుట్టండి. ఒక చీటీ మీద ఆ మనిషి పేరు, ఊరు, ఏ పటాలంలో ఉన్నాడు, ఎక్కడెక్కడికి వెళ్ళాడు అనే సంగతులు పెద్దవాళ్ళను అడిగి రాయండి. చెప్పినవారి పేరు, రాసిన తేదీ కూడా వెయ్యండి. తెలియని సంగతిని ఊహించి రాయకండి. తెలియదనే రాయండి. బిళ్ళనూ చీటీనీ ఒకే డబ్బాలో పెట్టండి.

ఈ నెల పరీక్ష

మీ ముందు మూడు బిళ్ళలు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క దాన్ని గురించి మీరేమంటారు?

1. దీని మీద "రాయల్ ఇండియన్ ఎయిర్ ఫోర్స్" అని ఉంది. "1944లో ఇంఫాల్ యుద్ధంలో మన వైమానికుడు దీన్ని పెట్టుకున్నాడు" అని అమ్మేవాడు చెబుతున్నాడు.

2. గోధుమరంగు ప్లాస్టిక్ బిళ్ళ. గుండ్రని కిరీటం, వెనక రెండు లోహపు నాలుకలు ఉన్నాయి. "ఇది పిల్లల ఆటవస్తువు, పారెయ్యండి" అంటున్నారు.

3. ఇత్తడి బిళ్ళ. మ్యూజియంలో ఉన్నదానికంటె అరమిల్లీమీటరు చిన్నది. వెనక చదునుగా ఉండి చిన్నచిన్న గుంటలు ఉన్నాయి. అన్నిచోట్లా ఒకే రకంగా నల్లబడింది.

బాగా ఆలోచించాకనే కింద చూడండి.

జవాబులు: 1. ఇంఫాల్ యుద్ధంలో మన వైమానిక దళం పోరాడిన మాట నిజమే. కాని "రాయల్" అనే మాట 1945 మార్చిలోగాని రాలేదు. కనుక ఆ కథ నిజం కాదు. బిళ్ళ 1945కూ 1950కీ మధ్యది కావచ్చు, తరువాత చేసిన నకలు కావచ్చు. కథ అబద్ధమైనంత మాత్రాన బిళ్ళ నకిలీ అని తేలదు. ఇంకా పరీక్షించాలి. 2. పారెయ్యకండి! యుద్ధకాలపు అసలు బిళ్ళ అయ్యే అవకాశం ఉంది. 3. మూడు గుర్తులూ ఒకే మాట చెబుతున్నాయి. ఇది అసలుదానితో మూస తీసి పోసిన నకలే అయి ఉండాలి.

మొదటిదానికి, "కథ తప్పు, బిళ్ళ సంగతి ఇంకా తెలియదు" అని జవాబు చెప్పినవారెవరో వాళ్ళే ఈ నెల అసలైన పరీక్షకులు.